ఫైబరు దేహము - దాని మరమ్మతు

వశిష్ఠ గోదావరి సముద్రములో కలియు అంతర్వేది వద్దగాని, వైనతేయ ముఖద్వారము దగ్గరి ఓడలరేవు వద్దగాని నిలిచి చూచినచో, ఇసుకమీదికి లాగిపెట్టిన పడవలలో అనేకము చెక్కతో చేసినవి కావని తెలియును. జాలరులు వీటిని ఫైబరు పడవలు అందురు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున 1979లో మద్రాసు కేంద్రముగా ప్రారంభమైన బంగాళాఖాత పథకము, రేవు కట్టడములు లేని ఇసుక తీరములలో దిగగల ఇట్టి పడవలను రూపొందించినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తూర్పు తీరమున ఇవి మరింత వ్యాపించినవి.

ఈ పదార్థముతోనే కార్ల దేహములను కూడ నిర్మించిరి. అమెరికాలో 1953లో వెలువడిన షెవర్లే కార్వెట్ కారుకు ఫైబరు దేహమే ఉండెను. మొదటి సంవత్సరము 300 కార్లు మాత్రమే తయారైనవి. ఇంగ్లండులో 1957లో ప్రదర్శించిన లోటస్ ఎలీట్ కారుకు అడుగున ఉక్కు చట్రము సైతము లేదు. దేహమే చట్రముగా పనిచేసెను. ఆ దేశములో కారును విడిభాగములుగా కొని ఇంటివద్ద బిగించుకొను అలవాటు కూడ ప్రబలినది. పూర్తిగా బిగించిన కారుపై ఉన్న కొనుగోలు పన్ను విడిభాగములకు లేకుండుటయే ఇందుకు ముఖ్యకారణము. 1973లో పన్నుల విధానము మారుటతో ఆ లాభము పోయినది. మన దేశములో బెంగుళూరు సంస్థ ఒకటి 1970 దశకములో బాదల్ అను మూడుచక్రముల ఫైబరు కారును తయారుచేసినది. అదే సంస్థ సిపానీ ఆటోమొబైల్స్ అను పేరుతో 1982లో డాల్ఫిన్ కారును విడుదల చేసినది. ఇంగ్లండులోని రిలయంట్ సంస్థవారి కిట్టెన్ అను కారుకు ఇది భారతీయ రూపము. దీని ఇంజను పరిమాణము 848 ఘన సెంటీమీటర్లు. దేహము ఫైబరు, దానిని మోయు చట్రము ఉక్కు.

పాత కారుకైనను పాత పడవకైనను మరమ్మతు సూత్రము ఒక్కటే. అది తెలియనివారు పగులుకు లప్పము పూసి, రంగు వేసి తృప్తి పడుదురు. అట్టి పడవ ఒడ్డున క్రొత్తదానివలె మెరయును. నది ముఖద్వారములోని కెరటము క్రింద నుండి కొట్టినప్పుడు ఆ లప్పము ఊడిపోవును. అప్పుడు పోవునది పడవ మాత్రమే కాదు. కాబట్టి ఈ పదార్థము బలము ఎక్కడ ఉన్నదో ముందుగా తెలిసికొందము.

బలము ఎక్కడ ఉన్నది?

మన పల్లెలలో మట్టిగోడ పెట్టువారు మట్టిలో వరిగడ్డి ముక్కలు కలిపి త్రొక్కుదురు. ఉత్త మట్టి ఆరినప్పుడు బీటలు వారును. గడ్డి కలిపినచో పుట్టిన బీటను గడ్డిపోచలు అడ్డగించి పట్టుకొనును. ఫైబరులో మట్టికి బదులు రెజిన్, గడ్డికి బదులు గాజునార ఉండును. భేదము ఇంతే.

గాజు పెళుసు గదా, దానికి బలమెక్కడిదని విద్యార్థులు అడుగవచ్చును. గాజుకడ్డీ విరుగుటకు ముఖ్యకారణము దాని పైనున్న కంటికి కనబడని గీతలు. లాగినప్పుడు ఒత్తిడి అంతయు ఆ గీత కొనవద్ద కేంద్రీకరించును. గాజును సన్నగా తీసినకొలది ఇట్టి లోపములు తగ్గి దాని బలము పెరుగునని ఎ. ఎ. గ్రిఫిత్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1921లో ప్రచురించిన పరిశోధనలో నిరూపించెను. పరిశ్రమలో వాడు గాజునార వ్యాసము సుమారు మిల్లీమీటరులో నూరవ వంతు. ఒక చదరపు మిల్లీమీటరు మందము గల క్రొత్త గాజునార కట్టను త్రెంచుటకు సుమారు 3,400 న్యూటన్ల బలము కావలెను. అంతే మందము గల ఉత్త రెజిన్ కడ్డీ 50 మొదలు 80 న్యూటన్లకే తెగును. కాబట్టి భారమును మోయునది నార. నారలను కలిపియుంచి, ఒక నార మీది భారమును ప్రక్కనున్న నారకు అందించునది రెజిన్. నార లేని రెజిన్‌గాని, నార లేని లప్పముగాని భారమును మోయజాలదు.

సాధారణముగా వాడునది పాలియెస్టర్ రెజిన్. ఇది స్టైరీన్ అను ద్రవములో కరిగియుండును. హార్డెనరు అను పెరాక్సైడును కొద్దిగా చేర్చగానే పాలియెస్టర్ గొలుసులను స్టైరీన్ అణువులు వంతెనలవలె కలుపును. ద్రవము మొదట జున్నువలె పేరుకొని, పిదప గట్టిపడును. ఈ చర్యలో ఉష్ణము పుట్టును. ఒకసారి గట్టిపడిన రెజిన్ మైనమువలె మరల కరుగదు. పాత ఫైబరును కరగించి అతుకుటకు వీలులేకపోవుటకు కారణము ఇదియే.

వ్యాధిని గుర్తించుట

ఫైబరు తుప్పు పట్టదు, చెద పట్టదు. ఈ సుగుణమే మనలను ఏమరుపాటునకు లోనుచేయును. దీని వ్యాధులు లోపల దాగియుండును.

మొదటిది పైపూత పగులు. ఫైబరు వస్తువునకు వెలుపల సుమారు అర మిల్లీమీటరు మందమున జెల్‌కోటు అను నునుపైన పొర ఉండును. దానిలో నార లేదు. దెబ్బ తగిలినచోట సాలెగూడువలె సన్నని గీతలు పడును. ఆ గీతలు పైపొరతో ఆగినవో లోపలి నారవరకు పోయినవో గీకి చూచి నిశ్చయించుకొనవలెను.

రెండవది పొరలు విడిపోవుట. దీనిని కనిపెట్టుటకు గొప్ప యంత్రము అక్కరలేదు. కొబ్బరికాయను తట్టి, ముదిరినదా లేతదా అని చెప్పు కోనసీమ రైతు చెవి చాలును. రూపాయి నాణెముతో దేహమును అంగుళము అంగుళముగా తట్టవలెను. గట్టి భాగము ఖణేలుమనును. పొరలు విడిన భాగము బొదబొదమను మొద్దు శబ్దము చేయును. అట్టిచోట సుద్దతో గీత గీయవలెను.

మూడవది ఫైబరు లోపల దాచిన ఇతర పదార్థముల క్షయము. పడవ వెనుక భాగమున ఇంజను బిగించు పలకలో సాధారణముగా ప్లైవుడ్డు ఉండును. బోల్టు రంధ్రములగుండా నీరు దిగినచో వెలుపలి ఫైబరు చెక్కు చెదరకున్నను లోపలి కర్ర కుళ్ళును. కారులో ఈ స్థానము ఉక్కు చట్రమునది. దేహము నవనవలాడుచుండగా దాని నీడలో చట్రము తుప్పు పట్టును. ఉప్పుగాలి వీచు మన తీరములో ఇది త్వరగా జరుగును. సీటు బెల్టులు, స్ప్రింగులు, బ్రేకు గొట్టములు బిగించిన తావులను సుత్తితో తట్టి, సూదిమొనతో పొడిచి చూడవలెను. చట్రము బాగుపడనిదే దేహముపై పనిచేయుట వృథా.

మరొక విశేషము కలదు. ఉక్కు కారులో దీపమునుండి బ్యాటరీకి విద్యుత్తు తిరిగి పోవుటకు దేహమే తీగగా పనిచేయును. ఫైబరు విద్యుద్బంధకము. అందుచేత ప్రతి దీపమునకు చట్రము వరకు వేరే తీగ ఉండవలెను. పాత ఫైబరు కారులో దీపములు మసకగా వెలుగుచున్నచో, ఆ తీగ చట్రమును తాకుచోట తుప్పు పట్టినదేమోనని మొదట చూడవలెను.

అతుకు వేయు విధానము

10 సెంటీమీటర్ల వ్యాసము గల రంధ్రమును, 4 మిల్లీమీటర్ల మందపు ఫైబరులో పూడ్చవలెననుకొందము. రంధ్రపు అంచులకే అతుకును ఆనించినచో పాత క్రొత్తలు కలియుచోటు 4 మిల్లీమీటర్లు మాత్రమే. అది నిలువదు. అందుచేత లోపలివైపు నుండి అంచును ఏటవాలుగా అరగదీయుదురు. మందమునకు పండ్రెండు రెట్లు వాలు ఉండవలెనని సామాన్య నియమము. ఇక్కడ 48 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు 5 సెంటీమీటర్లు. రంధ్రము చుట్టును ఇంత వాలు వచ్చుసరికి అతుకు వ్యాసము 20 సెంటీమీటర్లగును. పాత రెజిన్‌తో క్రొత్త రెజిన్ రసాయనికముగా కలియుట స్వల్పము. గరుకైన విశాలమైన ఉపరితలమును పట్టుకొనుటయే దాని బలము. కనుక చిన్న రంధ్రమునకు పెద్ద అతుకు కావలెను.

అరగదీయుటకు ముందు ఆ చోటునున్న నూనెను, మైనమును అసిటోన్‌తో తుడువవలెను. తుడువక ఉప్పుకాగితముతో రుద్దినచో మైనము గీతలలోనికి ఎక్కి అతుకును చెడగొట్టును. పడవనైతే మంచినీటితో ఉప్పు పోవునట్లు కడిగి, అనేక దినములు నీడపట్టున ఆరనీయవలెను. తడి ఉన్నచో అతుకు పట్టదు. వర్షకాలములో ఈ పని పెట్టుకొనరాదు.

రంధ్రమునకు వెలుపల మైనము రాసిన నున్నని రేకును బిగించి, లోపలినుండి మ్యాట్ పొరలు వేయుదురు. మ్యాట్ అనగా గాజునార ముక్కలను పరచి చేసిన చాప. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగు మ్యాట్ ఒక పొర, రెజిన్‌తో తడిసిన తరువాత సుమారు 1 మిల్లీమీటరు మందమగును. మనకు నాలుగు పొరలు కావలెను. 12.5, 15, 17.5, 20 సెంటీమీటర్ల వ్యాసములు గల నాలుగు వృత్తములు కత్తిరింతము. వాటి మొత్తము వైశాల్యము సుమారు 855 చదరపు సెంటీమీటర్లు. బరువు 38 గ్రాములు. అతుకు బరువులో నార 30 పాళ్ళు, రెజిన్ 70 పాళ్ళు ఉండవలెనన్నచో రెజిన్ 90 గ్రాములు కావలెను. హార్డెనరు సాధారణముగా రెజిన్‌లో నూటికి 1 మొదలు 2 వంతులు. అనగా ఇక్కడ 2 గ్రాములకు లోపే. వేసవిలో తక్కువ పాలు చాలును. ఖచ్చితమైన పాళ్ళు డబ్బాపై ముద్రించిన సూచనలో ఉండును. కంటి అంచనా పనికిరాదు. మరీ తక్కువైనచో రెజిన్ ఎన్నటికిని సరిగా గట్టిపడదు. ఎక్కువైనచో వేడెక్కి పగులును.

చిన్న వృత్తము మొదట, దానిపై క్రమముగా పెద్దవి పరచుచు, కుంచెతో అద్ది, గాడులు గల చిన్న రోలరుతో లోపలి గాలిబుడగలను వెడలగొట్టవలెను. తెల్లని మ్యాట్ తడిసి పారదర్శకమైనప్పుడు నార చక్కగా తడిసినదని గుర్తు. తెల్లమచ్చ మిగిలినచోట గాలి ఉన్నది; గాలి ఉన్నచోట బలము లేదు. కలిపిన రెజిన్‌ను లోతైన డబ్బాలో నిలువ ఉంచరాదు. పుట్టిన వేడి బయటికి పోక, చర్య మరింత వేగమై, పొగలు వచ్చును. గాలి తగిలిన రెజిన్ పైపొర జిగటగానే ఉండిపోవును. పై పొరపై పలుచని పాలిథీన్ కాగితము పరచినచో ఈ దోషము తొలగును. మరునాడు అరగదీసి, మిగిలిన చిన్న గుంటలకు మాత్రమే లప్పము పెట్టి రంగు వేయవచ్చును. లప్పమునకు తగిన స్థానము ఇదియే.

జాగ్రత్తలు

గాజుధూళి ఊపిరితిత్తులలోనికి పోరాదు. ముక్కుకు ధూళిని ఆపు మాస్కు, కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు తప్పవు. స్టైరీన్ ఆవిరి హానికరము, మండు స్వభావము కలది. ఆరుబయట, నిప్పునకు దూరముగా పనిచేయవలెను. హార్డెనరు చుక్క కంటిలో పడినచో చూపు పోవచ్చును. కోబాల్టు యాక్సిలరేటరును, హార్డెనరును ఎన్నడును నేరుగా కలుపరాదు, ప్రేలుడు సంభవించును. ఒకదానిని రెజిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతనే రెండవది చేర్చవలెను. కనుక ఇది అనుభవజ్ఞుని పర్యవేక్షణలో పెద్దలు చేయదగిన పని.

పాత కారును బాగుచేయువారు చట్టమును కూడ గమనింపవలెను. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము వాహనపు మౌలిక లక్షణములను ఇష్టానుసారము మార్చరాదు. పూర్వరూపమునకు తెచ్చుట వేరు, రూపము మార్చుట వేరు.

తరగతిలో ఒక ప్రయోగము

రెజిన్ లేకుండ ఈ సూత్రమును తరగతిలో చూపవచ్చును. కాలువ బంకమన్నుతో ఒకే కొలతగల మూడు పలకలు చేయుడు. మొదటిది ఉత్త మన్ను. రెండవదానిలో తరిగిన కొబ్బరిపీచు కలుపుడు. మూడవదానిలో పొడవైన పీచును అడుగువైపున నిలువునా పరచుడు. నీడలో బాగుగ ఆరిన పిదప, రెండు ఇటుకలపై వంతెనవలె ఉంచి, మధ్య బరువులు వ్రేలాడదీయుడు. మొదటిది ఒక్క పెట్టున విరుగును. పీచు ఉన్నవి బీటవారినను వెంటనే విడిపోవు. తరువాత విరిగిన మొదటి పలక బీటపై తడిమన్ను పూసి ఆరనిచ్చి, మరల బరువు పెట్టుడు. అది ఎంతటి బరువునకు, ఎచ్చట విరిగినదో విద్యార్థులచే వ్రాయింపుడు. లప్పము పూసిన పడవను గురించి వారికి వేరుగా చెప్పనక్కరలేదు.