తెలుఁగు క్రైస్తవ వాఙ్మయమునందలి పరలోకగృహ భావము

ఇహలోకము శాశ్వతనివాసము కాదనియు, జీవునకు వేఱొక నెలవు గలదనియు తలంచుట పెక్కు మతములందు కానవచ్చును. కాని యా నెలవును తండ్రియిల్లుగా భావించి, చిరకాలము పొరుగూర నున్నవాఁడు తన యింటికై పడు బెంగవంటి బెంగను దానికై పడుట క్రైస్తవభక్తియందు ప్రధానమైన విషయము. ఈ భావము తెలుఁగున ప్రవేశించినపుడు దానికి తగిన మాట లేవి లభించెను? ఆ మాటలకు పూర్వమున్న యర్థము లెట్లు మాఱెను? ఈ ప్రశ్నలు మతవిచారమునకే గాక శబ్దచరిత్రమునకును సంబంధించినవి.

ఈ విచారమునకు కళింగసీమ తగిన స్థానము. శ్రీకాకుళమునుండి వంశధారను దాఁటి కటకమువైపు పోవు రాజమార్గమున నరసన్నపేట యున్నది. దానికి ఒకదిక్కున వంశధారాతీరమందు శ్రీముఖలింగేశ్వరుని యాలయము, వేఱొకదిక్కున సముద్రమునకు చేరువగా శ్రీకూర్మక్షేత్రము వెలసియున్నవి. కావున కైలాసము, వైకుంఠము, సాయుజ్యము, పరమపదము అను మాట లీసీమ ప్రజలకు క్రొత్తవి కావు. మృతుఁడైనవానిని గూర్చి చెప్పునపుడు ఈ మాటలు నిత్యవ్యవహారమున వినఁబడుచునే యుండును. క్రైస్తవ భాషాంతరీకర్తల యెదుట నిట్టి సంపన్నమైన పదసంపుటము సిద్ధముగా నుండెను.

లండను మిషనరీ సంఘమువారు 1805 లో విశాఖపట్టణమున తమ కార్యస్థానమును స్థాపించిరి. అందు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు ఆనందరాయరు సాహాయ్యమున సువార్తలను తెనిఁగింప మొదలిడిరి. క్రాన్ 1809 లోను, డెస్ గ్రాంజెస్ 1810 లోను మృతినొందిరి. పిదప ప్రిచెట్టు సమకూర్చిన క్రొత్తనిబంధన 1818 లో మద్రాసున ముద్రితమయ్యెను. తరువాతి సంస్కరణములు పెక్కు జరిగినవి. నేఁడు సంఘములయందు విశేషముగా చదువఁబడు ప్రాచీన తెలుఁగు బైబిలు ఆ పరంపరా ఫలమే.

ఈ బైబిలునందు భక్తుల గమ్యస్థానమునకు స్థిరపడిన పదము పరలోకము. స్వర్గము కాదు, వైకుంఠము కాదు. స్వర్గమనినంతనే పుణ్యము క్షీణింపఁగా మరల మర్త్యలోకమును చేరవలయునను గీతానవమాధ్యాయపు మాట పండితునకు స్ఫురించును. మరలిరాని నివాసమును చెప్పఁగోరువారికి అది యొప్పదు. మోక్షశబ్దము మరలిరాకను తెలుపును గాని, బంధవిమోచనమునే ప్రధానముగా సూచించును. ఇంటిని, ఇంటివారిని స్ఫురింపఁజేయదు. వైకుంఠ కైలాసములు విష్ణు శివుల నెలవులుగా రూఢములు. పరలోకమన్ననో సంస్కృతమున మరణానంతరలోకమాత్రము. అందు నరకమును చేరును. ఈ సామాన్యపదమే క్రైస్తవవ్యవహారమున అర్థసంకోచమునొంది, దేవుని సన్నిధికి పేరయ్యెను. గ్రీకునందలి ఊరనొస్ అను నొక్కమాట ఆకాశమునకును దివ్యలోకమునకును చెల్లును. తెలుఁగు బైబిలున నది సందర్భానుసారముగా ఆకాశము, పరలోకము అని రెండుగా చీలినది. ఈ విభాగమువలన తెలుఁగు పాఠకునకు స్పష్టత యధికమయ్యెను.

యోహాను సువార్త పదునాల్గవ యధ్యాయమున యేసు తన తండ్రి యింటిని గూర్చి పలికిన సందర్భమున గ్రీకున మొనై అను పదమున్నది. నిలిచియుండుట యను నర్థముగల ధాతువునుండి యది పుట్టినది. ఆంగ్లమున వాడిన మాన్షన్సు అను మాట, కాలక్రమమున పెద్ద మేడలకు పేరగుటచే, ఆ పాఠకులకు రాజభవనములు తోఁచుట సహజమయ్యెను. తెలుఁగున నివాసములు అనుట మూలమునకు మిక్కిలి సన్నిహితము. అచ్చట ముఖ్యము భవనవైభవము కాదు, తండ్రియొద్ద నిలుకడ. బంగారువీథియు, ముత్యపు గుమ్మములును ప్రకటనగ్రంథము ఇరువదియొకటవ యధ్యాయమునందలి నగరవర్ణనకు చెందినవి.

ఇంటికి ప్రతియోగి ప్రవాసము. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదునొకండవ యధ్యాయమున పూర్వభక్తులు పరదేశులు, యాత్రికులు అని పేర్కొనఁబడిరి. వారు వెదకినది స్వదేశము. తెలుఁగున పరదేశి యనఁగా అన్యదేశస్థుఁడు మాత్రమే కాఁడు. దిక్కులేనివాఁడు, బీదవాఁడు అను నర్థమును గలదు. ఈ రెండవయర్థము మూలమున లేకున్నను తెలుఁగు శ్రోతకు అప్రయత్నముగా కలుగును. గంజాము, విశాఖపట్టణ మండలములనుండి వేలకొలఁది జనులు కూలికై బర్మాకు పోయి, అచ్చట కొరంగీలని పిలువఁబడి, 1942 లో జపాను దండయాత్రచే పెక్కుపాట్లుపడి మరలివచ్చిరి. ఇట్టి సీమయందు పరదేశి, స్వదేశము అను మాటలు పుస్తకమునందలి యలంకారములు కావు. యాత్రికశబ్దము మాత్రము క్షేత్రయాత్రను స్ఫురింపఁజేయును. యాత్రికుఁడు దేవుని దర్శించి తన యింటికి మరలును. ఇచ్చటి యాత్రికునకో చేరఁబోవు చోటే యిల్లు.

ఇఁక మిక్కిలి గమనింపఁదగిన పదము స్వాస్థ్యము. సంస్కృతమున నిది స్వస్థుని భావము. ఆరోగ్యము, నెమ్మది యని యర్థము. తెలుఁగు వ్యవహారమున హక్కుగా సంక్రమించు ఆస్తియని మఱియొక యర్థమేర్పడినది. పేతురు మొదటిపత్రికయందు పరలోకమున భక్తులకై భద్రపఱుపఁబడిన దానికి తెలుఁగు బైబిలున వాడఁబడిన పద మిదియే. ఆస్తి యను నర్థము ప్రధానముగా నుండఁగా, నెమ్మది యను ప్రాచీనార్థమును వెనుక ధ్వనించుచుండును.

ఈ పదమునకు గల బరువును తెలియుటకు పురుషోత్తమ చౌదరి కాలమును స్మరింపవలయును. ఆయన 1803 లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833 లో క్రైస్తవమతమును స్వీకరించి, శ్రీకాకుళ ప్రాంతమునందును సువార్త ప్రకటించి, 1890 లో పరమపదించెను. ఆనాఁడు కులము వీడినవానికి పిత్రార్జితమున హక్కు నిలుచుట దుర్ఘటము. వంగరాజధానియందు 1832 నాఁటి నిబంధనమున నున్న రక్షణను కంపెనీప్రభుత్వ దేశమంతటికి విస్తరించినది 1850 సంవత్సరపు ఇరువదియొకటవ చట్టము. అనఁగా చౌదరి మతాంతరమునకు పదునేడేండ్ల తరువాత. ఆ నడిమికాలమున మద్రాసు రాజధానియందు మతము మాఱినవానికి ఇల్లు, కులము, భాగము అన్నియు ఒక్కమాఱే చేజాఱు భయ ముండెను. అట్టివారి చెవిని, వాడిపోని స్వాస్థ్యమన్న మాట వేదాంతమువలె గాక దస్తావేజువలె వినఁబడియుండుట సహజము.

చౌదరి మున్నగువారి గేయములు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున చేరి నేఁటికిని పాడఁబడుచున్నవి. వానికి రాగతాళములు నిర్దేశింపఁబడినవి. పల్లవి, చరణములు గల కీర్తనఫణితి దేశీయము. దేహము తొమ్మిదివాకిళ్ళ యిల్లనియు, లోకము సత్రమనియు చెప్పు తత్త్వములను వినుచు పెరిగిన జనులకు ఈ పాటలు సులభముగా పట్టువడెను. భేదమును గలదు. తత్త్వకారుఁడు ఇల్లు వీడుటను బోధించును. క్రైస్తవకీర్తనకారుఁడు ఇల్లు చేరుటను కోరును. గుడారములు కుట్టు వృత్తిగల పౌలు దేహమును గుడారమని చెప్పినను, దానిని విప్పినపిదప దిగంబరుఁడై యుండుటను కోరలేదు. వేఱొక నివాసము నపేక్షించెను.

ఈ కాంక్ష లోకవిముఖతను కలిగించునను నాక్షేప మొకటి కలదు. ఆఁకలిగొన్న బీదవానిని పరలోకము చూపి యూరడించుటకు ఈ పాటలు వాడఁబడినచో నాక్షేపము న్యాయమే. కాని గ్రంథపరంపర యంతటితో ముగియదు. బబులోనుచెఱలో నున్నవారికి యిర్మీయా యిండ్లు కట్టుకొనుఁడనియు, ఆ పట్టణక్షేమమును కోరుఁడనియు వ్రాసెను. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికయందలి పౌరస్థితి యను పదము రోమకుల వలసయైన పట్టణమున నున్నవారి నుద్దేశించినది. అట్టి వలసపౌరుఁడు తానున్న యూరిని పాడుచేయువాఁడు కాఁడు. తన నగరధర్మమును అచ్చట నెఱపువాఁడు. కావున స్వదేశకాంక్ష పరదేశమునందలి కర్తవ్యమును త్రోసిపుచ్చదు.

పరలోకము, నివాసము, పరదేశి, స్వాస్థ్యము అనునవి పూర్వము తెలుఁగున నున్న మాటలే. క్రైస్తవవాఙ్మయము వానికి నూతనసంబంధమును కల్పించి, అన్నింటిని తండ్రియిల్లను నొక్కభావముచుట్టును కూర్చెను. నిఘంటుకారులు ఈ ప్రయోగములను మతపారిభాషికములని విడిచిపెట్టక అర్థపరిణామమునకు నిదర్శనములుగా గ్రహింపవలయును. పాఠశాలలయందు పరదేశిశబ్దమును బోధించు పండితుఁడు కోశార్థముతోపాటు, దానిని ప్రార్థనలో పలికిన జనుల యర్థమును గూడ చెప్పినచో ఆ పదచరిత్ర పూర్ణమగును.