వెలుగిచ్చే సెమీకండక్టర్: వల్లూరుపాలెం నుంచి కాన్‌బెర్రా దాకా

మా జవహర్‌నగర్‌లో బిట్స్ క్యాంపస్ ఉంది కదా, ఆ వైపు టీ తాగుతుంటే ఒక స్టూడెంట్ అడిగాడు: "అన్నా, సెమీకండక్టర్ అంటే వీఎల్ఎస్ఐ కోర్సే కదా?" బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన నేనూ చాలాకాలం అలాగే అనుకున్నా. ప్రొఫెసర్ చెన్నుపాటి జగదీశ్ గారి పని చదివాక ఆ మాట అనలేను.

ఆయనది కృష్ణా జిల్లా వల్లూరుపాలెం. చిన్నప్పుడు కిరోసిన్ దీపం దగ్గర చదువుకున్నారు. హైస్కూల్ రోజుల్లో ఒక మాస్టారి ఇంట్లో ఉండి చదివారు. ఈ మాస్టారిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా. తెనాలిలో బీఎస్సీ, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ టెక్, 1986లో ఢిల్లీ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ. కెనడాలో కొంతకాలం ఉండి, 1990లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి వెళ్లారు.

ఇప్పుడు అసలు విషయం. మన ఫోన్లో చిప్ సిలికాన్‌ది. లెక్కలు బాగా చేస్తుంది కానీ వెలుగు ఇవ్వడంలో చాలా వీక్. గాలియం ఆర్సెనైడ్ వెలుగు బాగా ఇస్తుంది. మరి దాన్నే సిలికాన్ మీద పెంచేయొచ్చుగా? కుదరదు. రెండింటిలో పరమాణువుల మధ్య దూరం సుమారు 4 శాతం తేడా. పక్కపక్కనే రెండు సైజుల టైల్స్ పరిచినట్టు: పాతిక టైల్స్ దాటేసరికి ఒక టైల్ మొత్తం తప్పిపోతుంది. అక్కడే పగుళ్లు, లోపాలు. అదే పదార్థాన్ని సన్నటి స్తంభంలా, అంటే నానోవైర్‌లా పెంచితే పక్కలకి సర్దుకునే వీలుంటుంది, ఒత్తిడి తగ్గుతుంది.

అయితే ఇంకో తలనొప్పి. వైర్ అంత సన్నం కాబట్టి దాదాపు అంతా ఉపరితలమే. ఎలక్ట్రాన్లు అక్కడి లోపాల్లో ఇరుక్కుని, వెలుగు ఇవ్వకుండానే పోతాయి. జగదీశ్ గారి బృందం వైర్ చుట్టూ అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ తొడుగు వేసింది, అది గాలికి పాడవకుండా పైన మళ్లీ గాలియం ఆర్సెనైడ్ పొర. 2013లో ఆ నానోవైర్ గది ఉష్ణోగ్రత దగ్గరే లేజర్‌లా పనిచేసింది. నేచర్ ఫోటోనిక్స్‌లో వచ్చిందది. ఒక మాట దాచకూడదు: దానికి బయట నుంచి కాంతి కొట్టాలి. కరెంటుతో నడిపించడం ఇంకా కష్టమైన మెట్టు.

ఆ పేపర్లో మొదటి పేరు ఎవరిదనుకున్నారు? ప్రొఫెసర్‌ది కాదు, పీహెచ్‌డీ విద్యార్థిది. సైన్స్‌లో ఇది మామూలే అంటారు. నిజమే, కానీ ఉద్యోగంలో నేను రాసిన కోడ్ వేరేవాళ్ల పేరుతో స్లైడ్ ఎక్కడం చూశా, అందుకే నాకు ఆ వరుస మీద కన్ను పడింది.

2016లో ఆస్ట్రేలియా ఆయనకి కంపానియన్ ఆఫ్ ది ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా ఇచ్చింది. 2022లో ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్ అధ్యక్షుడయ్యారు. వీటికన్నా నన్ను ఆపింది వేరే. ఆయన, ఆయన భార్య విద్య గారు సొంత డబ్బుతో ఒక నిధి పెట్టారు. అభివృద్ధి చెందుతున్న దేశాల విద్యార్థులు, యువ పరిశోధకులు ఏఎన్‌యూ ఫిజిక్స్ విభాగానికి వచ్చి కొన్ని వారాలు పనిచేసుకోవడానికి. ఇందాక చెప్పిన మాస్టారి ఇల్లు గుర్తొచ్చిందా?

టీ దగ్గర అడిగిన తమ్ముడూ, వీఎల్ఎస్ఐ మంచిదే. కానీ నీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మెటీరియల్స్ ఫ్రెండ్స్‌కీ ఈ ఫీల్డ్‌లో చోటుంది. ఆ నిధి పేరు చెన్నుపాటి అండ్ విద్యా జగదీశ్ ఎండోమెంట్. వెతికి, ఎవరు అప్లై చేయొచ్చో వాళ్లకి చూపించు.