రోబో చక్రము: కొనుటయా, చేయుటయా?

విజయనగరము నుండి రాయగడ మీదుగా రాయపూరునకు బోవు రైలుమార్గమున, నియమగిరి శ్రేణికి చేరువనున్న మునిగుడ స్టేషనులో ఏ బండి వచ్చి నిలిచినను దాని చక్రముల యెడము ఒక్కటే. బ్రాడ్‌గేజి పట్టాల నడిమి దూరము 1676 మిల్లీమీటర్లుగా స్థిరపడి యుండుటచే, ఎచ్చటనో తయారైన చక్రము ఇచ్చటి పట్టాపైనను నిరాఘాటముగా దొరలుచున్నది. పల్లెబాటలు అట్టివి కావు. బురదయు, గులకఱాళ్లును, మిట్టపల్లములును గల త్రోవలలో నడచు ఎడ్లబండికి, ఆ త్రోవ నెఱిగిన వడ్రంగి కఱ్ఱ నేరి చక్రము గట్టుట పూర్వాచారము. చక్రమును నిర్ణయించునది నేలయే యను నీ సూత్రము, పోటీకై రోబోను నిర్మింప బూనిన విద్యార్థికి ప్రథమపాఠము.

2002లో టోక్యోనగరమున ఆరంభమైన ఏబీయూ రోబోకాన్ వంటి పోటీలలో రంగస్థలము సాధారణముగా చదునైనది. అట్టిచోట స్వీడను దేశీయుడు బెంగ్ట్ ఇలాన్ 1970 దశకారంభమున కల్పించిన మెకానమ్ చక్రము మిక్కిలి ఉపయుక్తము. దాని అంచున చిన్న రోలర్లు 45 డిగ్రీల వాలున అమర్పబడి యుండును. నాలుగు చక్రములను వేర్వేరు మోటార్లతో వేర్వేరు దిశల ద్రిప్పినచో, రోబో తన ముఖము మఱలింపకయే ప్రక్కకు జరుగగలదు. ప్రక్కనుండి చూచినపుడు రోలర్లన్నియు గలసి పూర్ణవృత్తమై కానరావలెను; ఆ వంపు లవలేశము తప్పినను రోబో కంపించును గనుక, దీనిని కొనుటయే మేలు.

చంద్రమండలమునకు బోవు బండికి అంగడిలో చక్రము దొరకదు. 1971లో అపోలో-15 వ్యోమగాములు నడపిన బండికి రబ్బరు టైర్లకు మాఱుగా, జింకు పూత గల ఉక్కుతీగలను వలవలె నల్లి, పైని టైటేనియము పలకలు బిగించిరి. అమెరికాలోని హంట్స్‌విల్లులో ఆ పరంపరను పురస్కరించుకొని జరుగు రోవరు పోటీలో, గాలిటైర్లను నిషేధించి, విద్యార్థులు తమ చక్రములను తామే నిర్మింపవలెనని నియమము చేసిరి.

స్వయముగా నిర్మించినంత మాత్రమున జయము నిశ్చితము కాదు. 2012లో అంగారకునిపై దిగిన క్యూరియాసిటీ యను రోవరు చక్రముల అల్యూమినియము రేకు 0.75 మిల్లీమీటరు మందము మాత్రమే యగుటచే, వాడిశిలలు గ్రుచ్చుకొని మఱుసటి యేటికే రంధ్రములు కానవచ్చెను. ఆ అనుభవముచే, 2021లో దిగిన పర్సివరెన్సుకు మందమైన రేకుతో, 24కు బదులు 48 పట్టుగీతలతో చక్రములను దీర్చిరి.

కావున ముందుగా నేలను, భారమును, మోటారు బలమును కొలువవలెను. పిమ్మట కొన్న చక్రమును పోటీస్థలము వంటి నేలపై నడపి, లోప మెచ్చటనో కనుగొనవలెను. పైరబ్బరు మార్చిన తీఱునది యైనచో అంతటితో చాలును. తీఱనిచో ఇరుసుబేరింగులు కొని, అంచు మాత్రము చేసికొనుట మధ్యేమార్గము. ఇట్లు విచారించినవాడు కొన్నను, చేసినను తన నిర్ణయమునకు కారణము చెప్పగలడు. ఆ శక్తియే పోటీ ముగిసిన పిదపను వానికి మిగులు విద్య.