ఆటల కంప్యూటరులో ఏ భాగమును మార్చవలెను?



పిల్లలు ఆటలాడుకొను కంప్యూటరు నేడు పల్లెలలో సైతము అనేక గృహములందు గలదు. కొన్నాళ్లు గడచిన పిమ్మట వారు "ఇది మందగించినది, క్రొత్త భాగము కొనవలెను" అని పెద్దలను పైకమడుగుదురు. ఈయవలెనో మానవలెనో పెద్దలకు దోచదు. నేను వరంగల్లులో చిరకాలము తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. యంత్రశాస్త్రమున పండితుడను గాను. అయినను ఈ చిక్కు మా యింటనే కలిగినందున, దానిని విడదీసిన విధమును మీకు మనవి చేసెదను.

హనుమకొండలో చదువుకొనుచున్న నా మనుమడు ముప్పది వేల రూపాయలతో క్రొత్త గ్రాఫిక్సు కార్డు కొనవలెనని తండ్రిని గోరెను. ఎనుమాముల మార్కెట్టులో పత్తి నమ్మగా వచ్చిన పైకమును నా కుమారుడు పొలములోని మోటారు బాగుకై దాచియుంచెను. ఇంట మాటలు పెరిగినవి. తుదకు తగవు నాయొద్దకు వచ్చినది. "లోపము ఆ కార్డులోనే యున్నదని నీకెట్లు తెలిసినది బిడ్డా?" యని యడిగితిని. "అందరును అదే మార్చుచున్నారు తాతా" అనెను. అందరును చేయుట హేతువు గాదు గదా!

ముందుగా ఏ భాగము ఏ పని చేయునో తెలియవలెను. ప్రాసెసరనునది లెక్కలు గట్టునది. ఆటలో ఎవడెచ్చట నున్నాడు, విసరిన బంతి ఎచ్చట పడును అనునవి దాని లెక్కలు. ఆ లెక్కను బట్టి తెరపై బొమ్మను చిత్రించునది గ్రాఫిక్సు కార్డు. అప్పటి పనికి వలయు సామగ్రిని చేతికందునట్లు పట్టియుంచునది ర్యాము. సమస్తమును నిలువజేయు గాదె వంటిది డిస్కు. సెకనుకు 60 బొమ్మలు వచ్చినచో ఆట సాఫీగా సాగును. అనగా ఒక్కొక్క బొమ్మ సుమారు 16.7 మిల్లీసెకనులలో సిద్ధము గావలెను. వీనిలో ఏ యొక్కటి జాగు చేసినను తక్కినవి దానికై కాచుకొనియుండవలసినదే.

ఇది మనకు తెలియని సంగతి గాదు. పాకాల చెరువు ఎంత నిండియున్నను, పొలమునకు నీరు పారుట తూమును బట్టియు కాలువను బట్టియు నుండును. కాలువ పూడియున్నప్పుడు తూమును వెడల్పు చేయించినవాని ధనము వ్యర్థము. కావున ఇరుకు ఎచ్చట నున్నదో ముందు వెదకవలెను.

వెదకుటకు తర్కశాస్త్రము చెప్పిన అన్వయ వ్యతిరేకములే చాలును. ఒకటి యున్నప్పుడు రెండవది యుండుట, లేనప్పుడు లేకుండుట చూచి కారణమును నిర్ణయించుటయే ఆ పద్ధతి. ఒక్కసారి ఒక్కదానినే మార్చి ఫలమును చూడవలెను. మొదట యంత్రములోని దుమ్మును తుడిపించితిమి. వేడి యెక్కువైనచో యంత్రము తనంతట తానే వేగమును తగ్గించుకొనును. అయినను లోపము పోలేదు.

పిమ్మట తెరపై బొమ్మ పరిమాణమును 1920 అడ్డము, 1080 నిలువు చుక్కల నుండి 1280 అడ్డము, 720 నిలువు చుక్కలకు తగ్గించితిమి. అప్పుడు చుక్కలు ఇరువది లక్షల పైచిలుకు నుండి తొమ్మిది లక్షల పైచిలుకునకు దిగును. కార్డు పని సగమునకు పైగా తగ్గినట్లే. ఇరుకు కార్డులోనే యున్నచో బొమ్మల లెక్క బాగుగా పెరుగవలెను. మా యంత్రమున 48 నుండి 50 మాత్రమే యైనది. నడుమ నడుమ ఆట కొయ్యబారి నిలుచుటయు మానలేదు. కావున కార్డు నిర్దోషి.

తరువాత కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మీటలను ఒక్కసారి నొక్కి టాస్కు మేనేజరును తెరచితిమి. అందు ఏ భాగము ఎంత శ్రమపడుచున్నదో కానవచ్చును. డిస్కు నూటికి నూరు పాళ్లు శ్రమపడుచుండెను. "దొంగ దొరికినాడు, డిస్కును మార్చవలసినదే" యంటిని. నేనును తొందరపడితిని. ప్రక్కనున్న ర్యాము లెక్కను మనుమడు చూపెను. ఉన్నది 8 జీబీ, అదియు కంఠమువరకు నిండియుండెను. ర్యాములో చోటు చాలనప్పుడు యంత్రము కొంత సామగ్రిని డిస్కులో దాచి, మరల తెచ్చుకొనుచుండును. డిస్కు శ్రమ కార్యము, ర్యాము కొరత కారణము. ఆటతోపాటు తెరచియుంచిన తక్కిన కిటికీలను మూయగా ఆగుట తగ్గినది. ఒక మిత్రునియొద్ద అదే జాతి ర్యాము పలక నొకనాటికి బదులు తెచ్చి అమర్చగా ఆగుట పూర్తిగా మానినది. రెండు పలకలు జోడుగా పనిచేయుటచే బొమ్మల లెక్కయు కొంత పెరిగినది. అప్పుడుగాని పైకము బయటికి తీయలేదు. అడిగినదానిలో కొద్దిభాగముతోనే పని తీరినది. మోటారును బాగైనది.

అందరి యంత్రములకును ర్యామే మందని నా తాత్పర్యము గాదు. చుక్కలు తగ్గింపగనే లెక్క బాగుగా పెరిగినచో కార్డునే మార్చవలెను. అప్పుడు దానికి చాలినంత కరెంటును పవర్ సప్లై ఈయగలదో లేదో ముందే విచారింపవలెను. ర్యాము నిండక, చుక్కలు తగ్గించినను లెక్క పెరుగకున్నచో ప్రాసెసరును శంకింపవలెను. క్రొత్త ప్రాసెసరు పాత మదరుబోర్డులో ఇముడునో లేదో కనుగొనవలెను. డీడీఆర్ 4 జాతి ర్యాము డీడీఆర్ 5 గాడిలో పట్టదు. తిరుగు పళ్లెముల పాత డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. వేసినచో ఆట త్వరగా తెరచుకొనునే గాని బొమ్మల లెక్క సాధారణముగా పెరుగదు.

ఒక ఇరుకు తీరిన పిమ్మట మరియొకటి బయటపడును. పూడిక తీసిన కాలువకు తూము చాలనట్లే రేపు మావానికి కార్డు చాలకపోవచ్చును. అప్పుడు మరల పరీక్షింతుము.

కావున పిల్లలు పైకమడిగినప్పుడు వెంటనే కాదనకుడు, వెంటనే ఈయకుడు. "లోపమెచ్చటనో నాకు చూపుము" అని వారి ప్రక్కన కూర్చుండుడు. నాడు మా మనుమడు నా తొందరను దిద్దెను, నేను వాని తొందరను దిద్దితిని. ఆ సాయంకాలము మా యింట కలహము మాత్రము లేకపోయెను.