పట్నం దగ్గరే... పడవ దాటాలంతే!

చుట్టూ నీళ్లు. తలెత్తితే రాజహంసలు. రెండు గంటలు ప్రయాణిస్తే చెన్నై మహానగరం. వినడానికి ఎంత బాగుందో! మరి ఏడాది పొడవునా ఆ నీళ్ల మధ్యే కాపురం చేసేవాళ్ల మాటేమిటి? నాయుడుపేట నుంచి తడ దాకా పులికాట్ పక్కన బతుకుతున్న ఊళ్ల సంగతులివి.

చెన్నైలో సముద్రం కనిపించే ఇల్లంటే కోట్లతో పని. కిటికీ తెరిస్తే కెరటాలు కనిపించాలన్న కోరిక మామూలు జీతగాడికి కలలో మాటే. అదే నగరం నుంచి ఉత్తరంగా జాతీయ రహదారి పట్టుకుని ఆంధ్రాలోకి అడుగుపెడితే... ఇరకం దీవిలో గడప దాటి నాలుగడుగులేస్తే నీళ్లే! పైసా ఖర్చు లేదు. కాకపోతే, సరస్సులో నీళ్లున్నన్నాళ్లూ ఆ ఊరికి చేరాలంటే తడ దగ్గరి భీమునివారిపాళెం రేవులో పడవెక్కాల్సిందే. బడికైనా, బజారుకైనా, కాన్పు నొప్పులొచ్చినా అదే దారి.

నాయుడుపేటది స్వర్ణముఖి ఒడ్డు. అక్కణ్నుంచి దక్షిణంగా వస్తే దొరవారిసత్రం, కాళంగి ఒడ్డున సూళ్లూరుపేట, ఆ తర్వాత తడ. ఒకవైపు రైలు పట్టాలూ రహదారీ, రెండోవైపు పులికాట్. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అందులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం నెల్లూరు జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జిల్లా ఏదైనా ఇక్కడివాళ్లకు 'పట్నం' అంటే మాత్రం చెన్నపట్నమే! చెన్నై లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి మరి.

కట్టెల పడవల కాలం

ఈ రైళ్లూ బస్సులూ రాకముందు పట్నానికి దారి నీళ్లే. 1806లో మద్రాసు దగ్గర మొదలై, 1876-78 నాటి కరవు పనుల్లో సాగి, 1878లో అప్పటి గవర్నరు పేరు పెట్టుకున్న బకింగ్‌హామ్ కాలువ ఈ సరస్సు మీదుగానే వెళ్తుంది. శ్రీహరికోట అడవుల్లో కొట్టిన వంటచెరకు పడవల్లో మద్రాసు పొయ్యిలకు చేరేది. 1965, 1966 సంవత్సరాల్లో వచ్చిన తుపానులు ఆ కాలువను బాగా దెబ్బతీశాయి. పడవల బేరం లారీలపాలైంది. 1971లో అదే శ్రీహరికోట నుంచి రాకెట్లు ఎగరడం మొదలైంది.

పులికాట్‌కు 'ప్రళయకావేరి' అన్న తెలుగు పేరుందని ఎంతమందికి తెలుసు? ఇక్కడి దీవుల జీవితాన్ని ఇక్కడి యాసలోనే స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు'గా రాశారు. సరస్సు ఒడ్డున తిరిగి రావాలనుకునేవాళ్లు ముందుగా ఆ పుస్తకం చదివితే బాగుంటుంది.

ఉంటే ఒక తంటా... లేకుంటే ఇంకో తంటా

కార్తీకం వచ్చిందంటే ఇక్కడ అందరి చూపూ ఆకాశం మీదే. 2015 నవంబరులో, మళ్లీ 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచెత్తుతూ ఈ ఊళ్లనూ వదల్లేదు. అలాంటి రోజుల్లో గాలి గట్టిగా వీస్తే పడవ కదలదు. పడవ కదలకపోతే దీవి కదలదు.

వేసవిలో కథ తిరగబడుతుంది. పులికాట్ పేరుకు మహా సరస్సే కానీ సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. ఎండలు ముదిరితే ఉత్తరపు భాగం చాలామేర ఎండి, తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. అక్కడక్కడా పడవకు చాలని నీళ్లు, కాలు మోపితే దిగబడే బురద! ఇరకానికి వంతెన కావాలన్న కోరిక ఈనాటిది కాదు. ఆంధ్ర వైపు సరస్సు 1976 నుంచి పక్షుల రక్షిత ప్రాంతం. ఏ కట్టడం తలపెట్టినా వన్యప్రాణి చట్టం అనుమతులు దాటుకుని రావాలి. పక్షులకు రక్షణ ఉండాల్సిందే, ఎవరూ కాదనరు. బడిపిల్లల పడవకు కూడా అంత పట్టింపూ ఉంటే ఎంత బాగుండు!

అసలు చిక్కు మరోచోట ఉంది. సముద్రపు నీరు లోపలికి వస్తేనే ఈ సరస్సుకు ప్రాణం. పోటుతోపాటే రొయ్య పిల్లలూ చేప పిల్లలూ వస్తాయి. వాన నీళ్లూ ఉప్పు నీళ్లూ కలిసిన చోట అవి పెరుగుతాయి. రాయదొరువు, తూపిలిపాళెం ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోతుండటంతో ఆంధ్ర వైపు ఆ రాకపోకలు తగ్గాయి. సరస్సును రెండుగా కోస్తూ సాగే సూళ్లూరుపేట-శ్రీహరికోట రోడ్డు కూడా నీటి నడకకు అడ్డమైందన్నది జాలర్లు ఎప్పట్నుంచో చెబుతున్న మాట. దాంతో చేపల వేట దక్షిణానికి, తమిళనాడులోని పళవేర్కాడు ముఖద్వారం వైపు జరిగింది. నీటి మీద గీత గీయలేం కదా... హద్దు దాటారంటూ రెండు రాష్ట్రాల జాలర్ల మధ్య గొడవలు అందుకే వస్తున్నాయి.

వలా... కంపెనీ బస్సా?

2008లో శ్రీసిటీ మొదలయ్యాక తడ, సత్యవేడు ప్రాంతాల రూపే మారిపోయింది. నాయుడుపేట దగ్గర మేనకూరు సెజ్ ఉండనే ఉంది. జాలరి ఇంటి పిల్లలకు రెండు దారులు కనిపిస్తున్నాయి. వల పడితే ఇవాళ చేప పడొచ్చు, పడకపోవచ్చు. షిఫ్టుకు వెళ్తే నెల తిరిగేసరికి జీతం. కానీ ఉదయం షిఫ్టుకు బస్సు అందుకోవాలంటే దీవిలో ఉండేవాళ్లు తెల్లారకముందే పడవెక్కాలి. రాత్రి షిఫ్టు అయితే తిరిగొచ్చే దారేది? కనుక ఒడ్డున ఏ తడలోనో సూళ్లూరుపేటలోనో అద్దెకు దిగడం తేలిక. అలా దిగినవాళ్లకు దీవి పండగలకూ పబ్బాలకూ వెళ్లే సొంతూరవుతుంది.

ఇటు నగరవాసులేమో నీళ్లను వెతుక్కుంటూ వస్తున్నారు. 2001లో మొదలైన ఫ్లెమింగో పండగ కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో మళ్లీ జరిగింది. నేలపట్టులో గూడబాతుల్ని, సరస్సులో రాజహంసల్ని చూడటానికి జనం బారులు తీరారు. ఆ నెలల్లో వచ్చినవాళ్లెవరికైనా ఇక్కడో జాగా కొనుక్కుందామా అనిపించక మానదు. అలా అనిపిస్తే బేరం ఆడేముందు నవంబరు వానల్లో ఒకసారి, మే ఎండల్లో మరోసారి వచ్చి చూడండి.

ఎండలు ముదిరేలోగా వలస పక్షులు ఎగిరిపోతాయి. ఆపై సరస్సు రోజుకింత వెనక్కి తగ్గుతుంది. పడవ వెళ్లగలిగినంత దూరం వెళ్తుంది. అక్కణ్నుంచి ఇరకం వాళ్లు చెప్పులు చేతబట్టుకుని, సంచులు నెత్తిన పెట్టుకుని బురదలోకి దిగుతారు.