పిల్లికి నట్టల మందు వేయించారా?

కౌడిపల్లి చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలు, మేకలు ఉన్నవారికి నట్టల మందు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. మన పిల్లలకు కూడా బడిలో, అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. దేశంలో 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం పుణ్యమా అని 1 నుండి 19 ఏళ్ళ వారికి ఇది ఉచితంగా అందుతున్నది. ఎటొచ్చీ ఇంట్లో ఎవరికీ గుర్తురానిది పిల్లి ఒక్కటే. ఎలుకలు పడుతుందని పెంచుకుంటాము, ఇంత పాలన్నం పెడతాము, అంతే.

పిల్లి పేగుల్లోనూ ఏలిక పాములు, కొంకి పురుగులు, బద్దె పురుగులు ఉంటాయి. ఎలుకను తిన్నా వస్తాయి. కూనలకైతే ఏలిక పాములు తల్లి పాల ద్వారానే సంక్రమిస్తాయి. ఒళ్ళు చిక్కి, పొట్ట మాత్రం ఉబ్బిన కూనను చూస్తే నట్టలున్నాయని అనుమానించాలి. మన పిల్లలు ముద్దాడి ఒళ్ళో పెట్టుకునేది అటువంటి కూనలనే.

పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే రోగమని చాలామంది తల్లులు భయపడతారు. అసలు చిక్కు మలంతో. అందులో పడే ఏలిక పాము గుడ్లు అప్పటికప్పుడు హాని చేయవు. మట్టిలో రెండు నుండి నాలుగు వారాలు ఉంటేనే వాటికి అంటుకునే శక్తి వస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి బ్రతికే ఉంటాయి. ఇల్లు కట్టే చోట పోసిన ఇసుక కుప్ప పిల్లికి మరుగుదొడ్డి, పిల్లలకు ఆటస్థలం. ఆ చేతులు కడగకుండా నోట్లో పెట్టుకుంటే గుడ్లు కడుపులోకి పోతాయి.

మనిషి కడుపులో ఈ గుడ్లు పొదిగి పిల్ల పురుగులు వస్తాయి గాని, అవి పెద్ద పురుగులుగా ఎదగవు. దారి తప్పిన వాటిలా కాలేయం, ఊపిరితిత్తుల్లో తిరుగుతాయి. చాలామందికి ఏమీ తెలియదు. కొందరు పిల్లలకు జ్వరం, దగ్గు, ఆయాసం, కడుపు నొప్పి వస్తాయి. మల పరీక్షలో ఏమీ కనబడదు, ఎందుకంటే ఎదగని పురుగు గుడ్లు పెట్టదు. రక్త పరీక్షలో ఇస్నోఫిల్స్ బాగా పెరిగి ఉంటే, ఇంట్లో పిల్లి, కుక్క ఉన్న సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. బడిలో ఇచ్చే ఒక్క మాత్ర దీనికి చాలదు.

అన్నిటికంటె భయపడవలసింది కంటికి. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ అనే ఆమె, కేన్సరు వంటి అనుమానాలతో తీసివేసిన 46 కళ్ళను పరీక్షించగా 24 కళ్ళలో పురుగుల ఆనవాళ్ళు దొరికాయి. ఈ జబ్బుకు ఎక్కువగా కుక్క ఏలిక పాము కారణమైనా, పిల్లిది కూడా కారణం కాగలదు. సాధారణంగా ఒక కన్నే దెబ్బతింటుంది. రెండో కన్ను బాగుంటుంది కాబట్టి పసివాడు చెప్పడు. మెల్లకన్ను వచ్చినా, కంటి పాప తెల్లగా మెరిసినా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి.

కొంకి పురుగుల దారి వేరు. తడి మట్టిలో చెప్పులు లేకుండా నడిస్తే చర్మంలోకి దూరుతాయి. పాదం మీద ఎర్రని వంకర గీత, విపరీతమైన దురద, రోజురోజుకూ గీత ముందుకు జరగడం దీని గుర్తులు. దానికి సున్నం, పసరు పూయకండి. మాత్రలతో తగ్గిపోతుంది.

గర్భిణులు అడిగేది మరొకటి ఉంది. పిల్లి వల్ల కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా నట్ట కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవి. నట్టల మందు దాని మీద పనిచేయదు. పిల్లిని వెళ్ళగొట్టనక్కరలేదు. మలం ఎత్తే పని ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో మరొకరు, మగవారైనా సరే, ప్రతిరోజూ చేయాలి. మాంసం బాగా ఉడికించి తినాలి.

కూనకు మూడు వారాల వయసు నుండి రెండు వారాలకొకసారి, రెండు నెలలు దాటాక ఆరు నెలల వరకు నెలకొకసారి, పెద్ద పిల్లికి మూడు నెలలకొకసారి మందు వేయించాలి. బరువును బట్టి మోతాదు మారుతుంది కాబట్టి పశువైద్యశాలలో అడగండి. ఇంట్లో మిగిలిన పిల్లల సిరపు పోయకండి. మనకు జ్వరానికి వేసే పారాసిటమాల్ అయితే పిల్లికి విషమే. ఇసుక కుప్ప మీద రాత్రిపూట పరదా కప్పండి.