రాయి చెప్పే కరువు లెక్క

బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాతి ఊడల్ని, నేలమీంచి లేచిన రాతి దిబ్బల్ని చూసి మనం దేవుడి మహిమ అనుకుంటాం. నిజానికి అది వాననీరు చేసిన పని. వాన మట్టిలో ఇంకుతుంది. మట్టిలోని బొగ్గుపులుసు గాలిని కలుపుకొని సున్నపురాయిని కరిగిస్తుంది. ఆ నీరు గుహలో బొట్టు బొట్టుగా రాలినచోట సున్నం పొరమీద పొరగా వేల ఏళ్లు పేరుకుంటుంది.

ఈ పొరలే వానల పద్దు పుస్తకం. నీటిలోని ప్రాణవాయువులో తేలికది, బరువుది అని రకాలున్నాయి. వానలు దండిగా పడ్డ కాలపు పొరలో తేలిక రకం పాలు పెరుగుతుంది, వానలు ఎగ్గొడితే తగ్గుతుంది. పొర వయసేమో అందులోని యురేనియం థోరియంగా మారిన లెక్కనుబట్టి తేలుతుంది.

నాగావళి, వంశధార పుట్టే కొండలకు పడమట, బస్తరు అడవిలో దండక్ గుహ ఉంది. మనకు వాన తెచ్చే నైరుతి గాలులే అక్కడికీ తెస్తాయి. ఆ గుహ రాయిని శాస్త్రవేత్తలు చదివి 2007లో ఫలితాలు ప్రకటించారు. క్రీ.శ. 600 నుంచి 1500 దాకా వానల తీరు అందులో బయటపడింది. 14వ శతాబ్దంలోను, 15వ శతాబ్దం నడిమధ్యన పదుల ఏళ్లపాటు సాగిన అనావృష్టులు వచ్చాయట! దక్కనులో 1396లో మొదలైన దుర్గాదేవి కరువు ఆ కాలానిదే.

ఇది మనకెందుకు? సర్కారు వానకొలతలు 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. ఆ కొలతల్లో కనబడనంత పెద్ద కరువులు ఈ నేల చూసిందని రాయి సాక్ష్యం. వచ్చినవి మళ్లీ రావచ్చు. ఒక్క ఏడాది ఎండుకు సరిపడే ఏర్పాట్లతో అలాంటి కరువును దాటలేం.

అయితే రాయి చెప్పనిది ఒకటుంది. ఎవరి గాదె నిండుగా ఉందో, ఎవరి పొయ్యిలో పిల్లి పడుకుందో అది చెప్పదు. 1877లో మద్రాసు రాజధానిలో కరువు పనికొచ్చిన మగ కూలీకి తెల్లదొర రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి ఎంత? రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, పైన ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు! అదే ఏళ్లలో ఇక్కడి గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోయాయి. వాన లోటు ఆకాశానిది. ఈ లెక్క మాత్రం మనుషులు రాసిందే.

కాబట్టి వాన ఎగ్గొట్టాక మేల్కొంటే లాభం లేదు. చెరువుల పూడిక తియ్యాలి, మదుములు బాగుచెయ్యాలి, గెడ్డల ఆక్రమణలు తొలగించాలి. ఆ పని ఊళ్లోని కూలీకే, కడుపు నిండే కూలికే దక్కాలి. వలస బస్సు ఎక్కకముందే ఈ మాట ఊరూరా గ్రామసభలో పెట్టి అడుగుదాం.